జానెడు వెలితి

పదకొండు నలభై ఒకటికి కుబాత్ ఒక క్యాను మూత తీశాడు. అప్పటిదాకా అది నాకు మంచి రోజే.

కోక్-బెల్ కొండ మీదికి కొత్త కుర్చీల లిఫ్టు ఆ ఉదయమే మొదలైంది. కొత్తది అని మేం అనుకోవడమే గానీ, అది ఆస్ట్రియాలో ఏదో ఊళ్లో ఇరవై ఏళ్లు తిరిగిన లిఫ్టు. విప్పి, పెట్టెల్లో సర్ది, మా దగ్గరికి తెచ్చి నిలబెట్టారు. పాతది సోవియట్ కాలం నాటిది. కుర్చీకి ఒక్కరే. సగం దారిలో నిద్రపట్టేది. ఇది ఒక్కో కుర్చీలో నలుగురిని మోస్తుంది. ఏడాదిగా దాన్ని నిలబెట్టిన ఇంజనీరును నేను. పరీక్ష కాగితం మీద సంతకం కూడా నాదే: ఐతుర్గాన్, తోలోగోన్ కూతురు.

పదకొండింటికి ఊరి పెద్ద సాగిన్ అక్సకాల్ అరచేతులు చాచి దీవెన ఇచ్చాడు. అందరం చేతులతో ముఖం తుడుచుకుని "ఓమీన్" అన్నాం. ఆ తర్వాత ఊరు ఊరంతా కుర్చీలెక్కింది. విందు పైన కొండ కొమ్మున. గొర్రెలను పైనే కోశారు. వంట కూడా పైనే. గొర్రెతోలు కోట్లు వేసుకున్న ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, ఒళ్లో పిండి మూటలు, భుజాన ఇనప పెనాలు. అందరూ పైకి పోయేవాళ్లే. కిందికి దిగేవాళ్లు ఒక్కరూ లేరు.

నేను కింద సామాన్ల షెడ్డు వెనకాల ఉన్నాను. కుబాత్ మా పనివాళ్ల మేస్త్రీ. కూలీలకు టీ పెడదామని క్యాను వంచబోయాడు. అందులో నీళ్లు గడ్డకట్టి ఉన్నాయి. గునపంతో మంచు పొడవడం మొదలుపెట్టాడు. షెడ్డు గోడ వెంబడి అలాంటి అల్యూమినియం పాల క్యాన్లు మూడు వందల ముప్పై ఆరు ఉన్నాయి. మూడు ఊళ్లలో ఇంటింటికీ తిరిగి తెచ్చినవి. పోయిన వారం లిఫ్టు పరీక్షకు మనుషుల బదులు వాటినే ఎక్కించాం. క్యానుకు నలభై లీటర్లు, కుర్చీకి ఎనిమిది క్యాన్లు. అంటే మూడు వందల ఇరవై కిలోలు, నలుగురు మనుషుల బరువు.

ఊరికే చూస్తున్నదాన్ని ఒక్కసారి వంగి చూశాను. క్యాను మూతికి జానెడు కిందే ఉంది మంచు.

"ఇందులోంచి నీళ్లు తీశావా?"

"ఎక్కడ తీశాను? ఇప్పుడేగా మూత తీసింది."

"మరి ఇంత వెలితి ఎందుకుంది?"

కుబాత్ నా వంక జాలిగా చూశాడు. "నువ్వు బిష్కెక్‌లో చదివొచ్చి ఊరు మర్చిపోయావమ్మా. చలికాలంలో క్యాను మూతిదాకా ఎవడైనా నింపుతాడా? గడ్డకడితే పగిలిపోదూ? మా అవ్వ నేర్పింది మొదట అదే."

"అన్నీ ఇలాగే నింపారా?"

"అన్నీ. ఊళ్లోవాళ్ల క్యాన్లు పగలగొట్టి తన్నులు తినమంటావా?"

రెండో క్యాను మూత తీశాను. మూడోది. పదోది. అన్నిట్లోనూ అదే జానెడు. నలభై లీటర్లు అనుకున్న చోట ముప్పై ఉన్నాయి. కుర్చీకి మూడు వందల ఇరవై అని నేను కాగితం మీద రాశాను. తూగింది రెండు వందల నలభై.

ఆ రెండు వందల నలభైకే, బ్రేకు వేసినప్పుడు కింది స్టేషన్లో తీగను తిప్పే పెద్ద చక్రం అడుగు మేర వెనక్కి జారి ఆగింది. రెండడుగుల దాకా ఫర్వాలేదంటుంది రూలు. నేను పాస్ అని రాశాను. రెండో బ్రేకు తాలూకు పంపు ఇంకా సరిహద్దు దగ్గర లారీలోనే ఉంది. మొదటి బ్రేకు పరీక్షలో నిలబడింది కాబట్టి, రెండోది వచ్చేదాకా దానితోనే నడపొచ్చని అనుమతి తెచ్చుకున్నాం. ఆ అనుమతి కూడా నా కాగితం చూసి ఇచ్చిందే.

నేను పరిగెత్తాను.

పరిగెత్తుతూ పైకి చూశాను. ఎక్కే వైపు నలభై రెండు కుర్చీలూ నిండి ఉన్నాయి. దిగే వైపు ఖాళీ కుర్చీలు గాలికి ఊగుతున్నాయి. మోటారు లాగుతున్నంత సేపు ఏమీ కాదు. మోటారు ఆగిందంటే ఆ బరువంతా ఒక్క బ్రేకు మీద పడుతుంది. బ్రేకు పట్టకపోతే కుర్చీలన్నీ వెనక్కి దొర్లుతాయి. కింద చక్రం మలుపు దగ్గర ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, మనుషులతో సహా.

అంటే ఇప్పుడు లిఫ్టును ఆపకూడదు. ఎవరూ ఎర్ర బటన్ జోలికి పోకూడదు.

ఇంకోటి కూడా ఉంది. ఈ చలికాలమంతా మా జిల్లాలో రోజూ సరిగ్గా పన్నెండింటికి కరెంటు తీసేస్తున్నారు. కరెంటు పోయాక గానీ జనరేటర్ అందుకోదు, దానికి ఇరవై సెకన్లు పడుతుంది. ఆ ఇరవై సెకన్లూ బ్రేకే దిక్కు.

కింది స్టేషన్ దగ్గరికి చేరేసరికి పదకొండు నలభై ఆరు. అద్దాల గదిలో బటన్ ముందు మా నాన్న కూర్చుని ఉన్నాడు. పాత లిఫ్టును ముప్పై ఏళ్లు నడిపిన మనిషి. మొదటిరోజు ఆయనే నడపాలని ఊరు పట్టుబట్టింది. గేటు దగ్గర లిఫ్టు కంపెనీ డైరెక్టర్ మెలిస్ కొత్త కోటు వేసుకుని, ఎక్కేవాళ్ల చేతులు పట్టుకుని ఫోటోలు దిగుతున్నాడు.

"మెలిస్ బైకే," పెద్దన్నను పిలిచినట్టు పిలిచాను, "ఇంకెవర్నీ ఎక్కనివ్వకండి."

"ఏమైంది?"

చెవిలో చెప్పాను. నవ్వుముఖం చెదరకుండానే ఆయన గొంతు మారింది.

"పిచ్చెక్కిందా నీకు? ఇప్పుడేగా అక్సకాల్ దీవించాడు. ఈ జనం ముందు బ్రేకు పట్టదని చెప్పమంటావా?"

"ఏమీ చెప్పొద్దు. గేటు మూయండి చాలు."

"అంత భయమైతే ఆపెయ్. చూసి మళ్లీ మొదలుపెడదాం."

"ఆపితేనే ప్రమాదం, బైకే! ఆపకూడదు. ఎక్కినవాళ్లంతా పైన దిగిపోవాలి. పన్నెండు లోపల."

"ముసలాళ్లు ఎక్కుతున్నారని సగం స్పీడు పెట్టించాను. పైకి చేరడానికి పద్దెనిమిది నిమిషాలు." ఆయన వాచీ చూసుకున్నాడు. ముఖంలో నవ్వు మొదటిసారి పోయింది. "పరీక్ష పాసైందని సంతకం పెట్టింది నువ్వే కదా?"

నేను గేటు గొలుసు లాగాను. వరసలో ముందున్న ఆడవాళ్లు గోలపెట్టారు.

"ఏయ్, గంట నుంచి నిలబడ్డాం!"

"తోలోగోన్ కూతురికి అప్పుడే డైరెక్టర్ పొగరు వచ్చేసింది చూడు!"

"మాంసం అయిపోయాక ఎక్కిస్తుందట, ఎముకలు నాకడానికి!"

గొలుసు తగిలించేలోపే జూరా ఎజే నా చేతి కింద నుంచి దూరిపోయింది. మా అమ్మ చెల్లెలు, ఊరందరికీ ఎజే, అంటే అక్క. అరవై ఏళ్లు, ఎనభై కిలోలు, ఎవరిమాటా వినని మనిషి. "మా అక్క అప్పుడే ఎక్కేసింది, నేను ఆగుతానా?" అంటూ వస్తున్న కుర్చీకి అడ్డంగా పరిగెత్తింది. కుర్చీ ఆమె నడుముకు తగిలింది. కూర్చోలేకపోయింది. రెండు చేతులతో దాని అంచు పట్టుకుని వేలాడింది. కుర్చీ ఆమెను ఈడ్చుకుంటూ వేదిక దాటి గాల్లోకి లేచింది.

వందమంది ఒకేసారి అరిచారు. "ఆపు! తోలోగోన్, ఆపు!"

ముప్పై ఏళ్ల అలవాటు. ఎవరు తూలినా, ఎవరి టోపీ పడినా మా నాన్న చెయ్యి దానంతటదే ఎర్ర బటన్ మీదికి పోతుంది. పోతోంది కూడా. నేను తలుపు తోసుకుని వెళ్లి ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"నొక్కకు ఆతా!"

"వదులు! పడిపోతుంది!"

"బ్రేకు పట్టదు! క్యాన్లు వెలితిగా నింపారు, నా పరీక్ష తప్పు! ఆపితే అందరూ వెనక్కొస్తారు. అమ్మ పైన ఉంది ఆతా, సగం దారిలో ఉంది!"

ఆయన నా కళ్లలోకి చూశాడు. బయట జూరా ఎజే కాళ్లు ఆడిస్తోంది. మనిషెత్తు. ఇద్దరు మనుషుల ఎత్తు. మా నాన్న వేళ్లు బటన్ మీద ఉన్నాయి, నొక్కడం లేదు, తీయడం లేదు.

ఆమె చేతులు జారాయి.

అంత గోలలోనూ ఎముక విరిగిన చప్పుడు వినపడింది. లేదా వినపడిందని నాకిప్పుడు అనిపిస్తోందేమో. మంచులో పడి ఆమె పెట్టిన కేక మాత్రం నిజం.

నాన్న చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు, ఎవరో తెలియని ఇంజనీరును అడిగినట్టు.

"పూర్తి స్పీడు."

పదకొండు నలభై తొమ్మిది. మీట ముందుకు తోశాడు. మోటారు గొంతు పెరిగింది. నిమిషం తిరక్కుండానే రేడియోలో పై స్టేషన్ కుర్రాడి అరుపు. "తగ్గించండి బైకే! ముసలాళ్లు దిగలేక ఒకళ్ల మీద ఒకళ్లు పడుతున్నారు!"

కొంచెం తగ్గించాం. నేను కుర్చీలు లెక్కపెడుతూ నిలబడ్డాను. ముప్పై. ఇరవై రెండు. మా అమ్మ ఎర్ర శాలువా చివరి స్తంభం దాటి కొండ అంచున మాయమైంది. పదిహేను. తొమ్మిది. బయట జూరా ఎజేని తలుపు చెక్క మీద మోసుకుపోతున్నారు. ఎవరో అద్దం మీద మంచు విసిరారు. ఎవరో నన్ను పేరు పెట్టి తిట్టారు.

మూడు కుర్చీలుండగా కరెంటు పోయింది.

పెద్ద చక్రం ఆగింది. నాన్నా నేనూ దానివైపే చూస్తున్నాం. ఒకటి, రెండు, మూడు అని లోపల్లోపల లెక్కపెట్టుకున్నాను. అది కదల్లేదు. వెంట్రుకవాసి కూడా జారలేదు. ఇరవై సెకన్లకు జనరేటర్ అందుకుంది. ఆ మూడు కుర్చీలవాళ్లూ నింపాదిగా పైకి చేరుకున్నారు.

మెలిస్ గదిలోకి వచ్చాడు. తలుపు వేయలేదు, అందరూ వినాలని.

"బ్రేకు పట్టింది కదా?"

"పన్నెండు మందే ఉన్నారు బైకే. నూట అరవై ఎనిమిది మంది ఉంటే..."

"పట్టిందా, పట్టలేదా?"

"పట్టింది."

"విన్నారా?" అన్నాడు వెనక్కి తిరిగి.

కుబాత్ ఒక్కడే నోరు తెరిచాడు. "క్యాన్ల సంగతి నిజమే బైకే, మేమే..." అతని మాట ఎవరికీ పట్టలేదు. జూరా ఎజే భర్త నా దగ్గరికి వచ్చి, తిట్టకుండా, కొట్టకుండా, "నీ లెక్క కోసం దాన్ని పడనిచ్చావు" అని వెళ్లిపోయాడు.

సాయంత్రం పైనున్నవాళ్లను లిఫ్టులో దింపనివ్వలేదు నేను. మెయిన్ స్విచ్‌కి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. తాళం వేసినవాళ్లు తప్ప ఇంకెవరూ తీయకూడదన్నది మా పనిలో రూలు. మెలిస్ అరిచాడు, బతిమాలాడు, చివరికి రేపటి నుంచి రావద్దన్నాడు. ముసలివాళ్లను గుర్రాల మీదా, మిగతావాళ్లను నడిపించీ దింపారు. మోకాలి లోతు మంచులో మూడు గంటలు. నా పక్క నుంచి పోతూ మా అమ్మ కూడా నా ముఖం చూడలేదు. జూరా ఎజే సంగతి ఆమెకు పైనే తెలిసిపోయింది.

నాన్న ఒక్కడే మెలిస్‌తో మాట్లాడాడు. "రేపు ఊరందరి ముందు మళ్లీ పరీక్ష పెట్టు. మూతిదాకా నింపి. పగిలిన క్యాన్లకు నేను పూచీ."

"బ్రేకు నిలబడితే?"

"నిలబడితే నా కూతురు జూరా గుమ్మం ముందు మోకాళ్ల మీద కూర్చుంటుంది. నేను దాని పక్కన కూర్చుంటాను."

మెలిస్ వెంటనే ఒప్పుకున్నాడు. నా పరువు పోవడానికి అంతకంటే మంచి దారి ఆయనకు దొరకదు.

తెల్లవారి నింపడం మొదలుపెట్టాం. ఈసారి మూతలన్నీ నేనే తీసి చూశాను. గడ్డకట్టేలోపు కుర్చీలకు ఎక్కించాలని కుబాత్ మనుషులు పరుగులు పెట్టారు. దిగువన వంద గజాల దూరంలో తాడు కట్టి ఊరినంతా దాని వెనక నిలబెట్టాం. తాళం తీసేటప్పుడు నాకు ఒక సంగతి తెలిసొచ్చింది. ఆ బ్రేకు జారిపోవాలని నేను కోరుకుంటున్నాను. ఏడాది పాటు నా చేతులతో నిలబెట్టిన లిఫ్టు విరగాలని కోరుకుంటున్నాను. నిలబడిందంటే, జూరా ఎజే కాలు నేను ఊరికే విరగ్గొట్టినట్టు.

నలభై రెండు కుర్చీలూ నిండుగా పైకి సాగాయి. నాన్న నా వైపు చూశాడు. నేను తలూపాను. ఎర్ర బటన్ నొక్కి ఆయన గదిలోంచి బయటికి పరిగెత్తాడు, నేను చెప్పినట్టే.

చక్రం ఆగింది.

మెలిస్ చప్పట్లు కొట్టడానికి చేతులెత్తాడు.

అప్పుడు చక్రం వెనక్కి తిరిగింది. మొదట నెమ్మదిగా, ఎవరో చేత్తో తిప్పుతున్నట్టు. తర్వాత బ్రేకు దగ్గర పొగ లేచింది. తర్వాత కళ్లు పట్టుకోలేనంత వేగంగా. మొదటి కుర్చీ మలుపు తిరగలేక స్టేషన్ స్తంభాన్ని గుద్దుకుంది. రెండోది దాని మీద పడింది. మూడోది తీగ నుంచి ఊడి, నిన్న జనం వరస కట్టి నిలబడ్డ చోట గేటును చితక్కొట్టి పడింది. క్యాన్లు నేల మీద పగిలిపోతున్నాయి. నీళ్లు మా బూట్ల దాకా వచ్చాయి. ఎన్ని కుర్చీలు వచ్చాయో తెలియదు. ఆగాక లెక్కపెడితే పదకొండు.

తాడు వెనక ఒక ముసలామె అరచేతులతో ముఖం తుడుచుకుంది. చూసి పక్కవాళ్లు తుడుచుకున్నారు. మెలిస్ నీళ్లలోనే కూలబడ్డాడు. మా అమ్మ నా దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

నాకు సంతోషం వేసింది. ఒక్క క్షణమే, కానీ వేసింది. ఇంతకాలం తర్వాత కూడా ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

నాన్న చితికిన గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత వచ్చి నా పక్కన నిలుచున్నాడు. పొగడ్త కోసం ఎదురుచూశానేమో, నాకు తెలియదు.

"పోయిన వారం పరీక్ష రోజున నువ్వెక్కడున్నావు?" అన్నాడు.

"ఇక్కడే. మీటర్ల దగ్గర."

"క్యాన్లు నింపేటప్పుడు?"

"అక్కడే ఆతా. పక్కనే."

"ఒక్కదానికైనా మూత తీసి చూశావా?"

నేను తల అడ్డంగా ఊపాను. జూరా ఎజేని చూడ్డానికి కారకోల్ ఆస్పత్రికి పోదామని చెప్పి, ఆయన కారు తీయడానికి వెళ్లాడు. ముందు సీటు తలుపు నా కోసం తెరిచి ఉంచాడు.