చిన్నావిడ చెప్పిన దారి

“ఇకనుంచి నీకు దారి చెప్పే పని తప్పింది,” అన్నాడు భర్త, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే.

ఆమె అప్పుడు టీ గ్లాసులు తుడుస్తోంది. ఆ మాటకి తను సంతోషించాలని ఆమెకి తెలుసు. వరమిచ్చేవాడి గొంతుతో అన్నాడు మరి. వరం పుచ్చుకున్నదాని మొహం పెడదామని చూసింది గానీ కుదరలేదు. తడి ఎప్పుడో ఆరిపోయిన గ్లాసుని తుడుస్తూనే ఉంది. అతను వారం రోజులుగా ఆ కంప్యూటర్ ముందే కూర్చుని, దారి చూపించే జీపీఎస్ పెట్టెల్లో ఏది మంచిదో వీడియోలు చూస్తున్నాడు. ఫోనుంది కదా అంటే, ఫోనుకి మన బండి ఎత్తెంతో వెడల్పెంతో తెలీదన్నాడు. అది కార్లు పట్టే సందుల్లోకి తీసుకుపోయి ఇరికిస్తుందని, సిగ్నల్ లేనిచోట మూగనోము పడుతుందని, పెద్ద బండ్లకి వేరే పెట్టె ఉంటుందని చెప్పాడు. నిజమే చెప్పాడు. అతను చెప్పేవి ఎప్పుడూ నిజాలే. వాటిలో ఆమె ఎక్కడుంటుందన్నదే తేలదు.

మరో రెండు నెలల్లో అతను రిటైరవుతాడు. అయ్యాక ఏడాదిపాటు ఊళ్ళు తిరగాలని మోటర్‌హోమ్ కొన్నాడు. మోటర్‌హోమ్ అన్నది కంపెనీవాళ్ళు పెట్టిన పేరు. ఇంట్లో మాత్రం అందరూ ఇంటిబండి అనే అంటున్నారు. అందులో మంచం ఉంది, బుల్లి స్నానాలగది ఉంది, రెండు బర్నర్ల పొయ్యి ఉంది, సింకు ఉంది. చూడ్డానికొచ్చిన ఆడపడుచు పొయ్యి వెలిగించి ఆర్పి, నీ అదృష్టమే అదృష్టం వదినా, వంటిల్లు కూడా నీ వెంటే వస్తోంది అంది. ఆమె నవ్వింది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆమెకి పొయ్యి దగ్గర సెలవు దొరికేది ప్రయాణాల్లోనే. ఇప్పుడు ఆ పొయ్యికి చక్రాలొచ్చాయి. ఈ మాట పైకంటే, ఇంత పోసి కొన్నది కంటికి ఆనలేదంటారు. అందుకని అనలేదు. కాలుగాలిన పిల్లిలా వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి తిరుగుతూ, వాకిట్లో సగం వెలుతురుకి అడ్డంగా నిలబడ్డ ఆ తెల్లటి బండిని చూస్తూ ఉంది. ఎందుకు స్థిమితం లేదో తనకే తెలియడం లేదు.

ఆమె కళ్ళద్దాల దుకాణంలో పని చేస్తుంది. వారానికి రెండు రోజులు దుకాణం వ్యాన్ తనే నడుపుకుంటూ, చుట్టుపక్కల వృద్ధాశ్రమాలకి వెళ్ళి అక్కడి ముసలివాళ్ళ చూపు పరీక్ష చేసి వస్తుంది. ఆ రెండు రోజులంటే ఆమెకి ప్రాణం. ఆ ఉద్యోగం మానేస్తుందని భర్త అప్పుడే అందరికీ చెప్పేశాడు. ఆమెకి చెప్పడం ఒక్కటే మరిచిపోయాడు. దుకాణం యజమాని, సోమవారంకల్లా ఏ సంగతీ చెప్పమ్మా, నేను ఇంకొకర్ని చూసుకోవాలి కదా అన్నాడు. పైగా, మీకేం, హాయిగా కూర్చుని తిరగడమేగా అని కూడా అన్నాడు.

కూర్చుని తిరగడం ఎలాంటిదో ఆయనకేం తెలుసు. పాతికేళ్ళుగా ఆమె అతని పక్క సీట్లో కూర్చుంటోంది. మొదట ఒళ్ళో కాగితం మ్యాపు ఉండేది, తర్వాత ఫోనొచ్చింది. మ్యాపు మారింది గానీ ఒడి మారలేదు. కారులో దారి చెప్పే ఫోను గొంతు వినిపించకూడదు, అతని పాటలకి అడ్డమట. అందుకని ఆమే చూసి చెప్పాలి. ముందుగా చెబితే “ఇప్పుడే ఎందుకు, గాభరా పెట్టకు,” అనేవాడు. దగ్గరికొచ్చాక చెబితే “ఇప్పుడా చెప్పడం?” అనేవాడు. చేత్తో చూపిస్తే నోరు లేదా అని, నోటితో చెబితే అరవకు అని. దారి తప్పితే తప్పు ఆమెది, తప్పకపోతే అతని డ్రైవింగు. ఆ మధ్యలోనే మంచినీళ్ళ సీసా మూత తీసివ్వాలి, కమలాపండు ఒలిచి గింజలు తీసి తొనలు చేతిలో పెట్టాలి, అతనికి నిద్ర రాకుండా కబుర్లు చెప్పాలి, వెనక సీట్లో పిల్ల వాంతి చేసుకోబోతే సంచీ పట్టాలి. ఒకసారి పెద్ద సరస్సు ఒడ్డున గంటసేపు ప్రయాణం చేశారు. ఎంత బాగుందో కదా అని అతను ఈనాటికీ చుట్టాలకి చెబుతాడు. ఆమెకి గుర్తున్నది మ్యాపులో గోరంత నీలిరంగు మరక. తల ఎత్తితే మలుపు తప్పిపోతుందని ఆమె సరస్సుని చూడనేలేదు.

అలాంటి పని తప్పిందంటే ఎగిరి గంతేయాలి కదా. గంతు రాలేదు.

శుక్రవారం సాయంత్రం ఇద్దరూ కారు సామాన్ల షాపుకి వెళ్ళారు. కౌంటర్లో ఉన్న అమ్మాయి చురుకైనది. మూడు పెట్టెలు వరసగా పెట్టి, ఏది ఎందుకు పనికొస్తుందో చెప్పింది. అతన్ని సార్ అంది, ఈమెని ఆంటీ అంది. ఇద్దరి మధ్యా రెండేళ్ళే తేడా, అయినా అతను సార్‌గానే ఉండిపోయాడు. ఆమె నడిమి సైజు పెట్టెని తీసుకుని, ఎండ పడే గాజుతలుపు దగ్గరికి వెళ్ళి అటూ ఇటూ తిప్పి చూసింది. ఎండలో కూడా అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. పెద్దదాని తెర మాత్రం ఎండలో అద్దంలా మెరిసి మొహమే కనిపిస్తోంది. ఆ సంగతి చెబితే అతను నవ్వి, కళ్ళద్దాల బుద్ధి ఎక్కడికి పోతుంది అన్నాడు. అన్నిటికన్నా పెద్దదే తీసుకున్నాడు.

అమ్మాయి దాన్ని ఆన్ చేసి, బండి ఎవరు నడుపుతారని అడిగింది.

“నేనే,” అన్నాడు అతను.

“ఆంటీ కూడా నడుపుతారా?”

“ఆవిడ దారి చెబుతుంది,” అని కాస్త ఆగి, “అందుకే కదమ్మా ఇది కొంటున్నాం,” అన్నాడు.

అమ్మాయి నవ్వింది. పక్క కౌంటర్లో టైర్లు బేరమాడుతున్న ఇద్దరు మగవాళ్ళూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. కొట్టినందుకు ఎందుకు ఏడవకూడదో ఆ సామెత కట్టినవాళ్ళు చెప్పలేదు. నవ్వడం మాత్రం ఆమెకి బాగా అలవాటైంది. నవ్వాక దవడ నొప్పి పుడుతుంది, అంతే.

తర్వాత అమ్మాయి బండి కొలతలు అడిగింది. పొడవు, వెడల్పు, బరువు, ఎత్తు. అతను కంపెనీ పుస్తకంలోవి కంఠతా పట్టి ఉన్నాడు. ఎత్తు రెండు మీటర్ల ఎనభై అయిదు అనగానే ఆమె, పైన ఏసీ పెట్టించాం కదా, అది ఇంకో జానెడు ఉంటుందేమో అంది. ఆ ఏసీ అతనే దగ్గరుండి పెట్టించాడు. బండిలో వంట చేసేటప్పుడు నీకు చెమట పట్టకూడదని, అని అందరి ముందూ చెప్పి మరీ పెట్టించాడు. దానికోసం నిచ్చెనెక్కి పైకప్పు తుడిచింది ఆమే. అతను మాత్రం, కంపెనీవాళ్ళకి తెలీదా, నువ్వు ఊరికే కంగారు పెట్టకు అన్నాడు. అమ్మాయి ఇద్దరి మొహాలూ చూసి, సార్ చెప్పిన అంకె నొక్కింది.

ఇక గొంతు ఎంచుకోవాలి. ఆడగొంతు కావాలా మగగొంతు కావాలా అంటే, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఆడగొంతే అన్నాడు. కారులో ఇంటికొస్తూ దానికి చిన్నావిడ అని పేరు కూడా పెట్టేశాడు. “చెప్పాల్సినంతే చెబుతుంది, మారుమాట లేదు, అలక లేదు,” అని మురిసిపోయాడు. ఫోనులో కూతురికి కూడా చెప్పాడు, మీ అమ్మకి సవతిని తెచ్చానని. కూతురు నవ్వలేదు. అమ్మ ఏమంది అని అడిగింది. మీ అమ్మ ఏమంటుంది, పని తప్పింది కదా అన్నాడు.

మర్నాడు పొద్దున్నే చిన్నావిడని పరీక్షిద్దామని ఇంటిబండిలో బయల్దేరారు. ఊరవతల ఒక కొండ ఉంది, అక్కడిదాకా వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగి రావాలి. ఆమె పక్క సీట్లో కూర్చుంది. ఒళ్ళో ఏమీ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కిటికీలోంచి బయటికి చూసింది. గోడల మీద ఆరేసిన దుప్పట్లు, ఇంకా తెరవని దుకాణాల షట్టర్లు, సైకిలు తొక్కుతూనే జడ వేసుకోవాలని చూస్తున్న పిల్ల. కాసేపు బాగానే ఉంది. ఆ తర్వాత మళ్ళీ అదే తిక్క, కూర్చోనివ్వని తిక్క. కళ్ళు కిటికీ మీద నిలవడం లేదు, రోడ్డు మీదికే పోతున్నాయి. ముందున్న బండికీ తమకీ ఎడం చూసుకుంటోంది. కుడికాలు దానంతటదే లేని బ్రేకుని తొక్కుతోంది. ఇన్నాళ్ళూ తనకి కిటికీ కావాలనుకుంది. ఆమెకి కావలసింది కిటికీ కాదు, స్టీరింగు. ఆ మాట మనసులో అనుకోగానే చెవులు వేడెక్కాయి.

చిన్నావిడ కుడికి తిరగమంటే అతను కిమ్మనకుండా కుడికి తిరుగుతున్నాడు. ముందుగా చెప్పినా గాభరా పడలేదు, రెండుసార్లు చెప్పినా విసుక్కోలేదు. పాటలు కూడా తగ్గించాడు. ఒకచోట మలుపు దాటి ముందుకు పోయాడు. ఆమె అలవాటుకొద్దీ భుజాలు బిగించుకుంది, తిట్టు తనకే వస్తుందని. చిన్నావిడ మాత్రం తాపీగా, దారి మళ్ళీ లెక్కిస్తున్నాను అంది.

“సరేనమ్మా, నాదే తప్పు,” అన్నాడు అతను, నవ్వుతూ.

నాదే తప్పు. ఆ రెండు మాటలూ అతని నోట అంత తేలిగ్గా వస్తాయని ఆమెకి తెలీదు. కుడీ ఎడమా చెబితే అతనికి కోపం అనుకుంది ఇన్నాళ్ళూ. తను సరిగ్గా చెప్పలేకపోతోందేమోనని, గొంతు తగ్గించి చూసింది, పెంచి చూసింది, ముందు రోజే దారి బట్టీపట్టి కూడా చూసింది. ఆడగొంతు దారి చెప్పడం అతనికి ఏమాత్రం కష్టం కాదు. ఆ గొంతు ఆమెది కాకపోతే చాలు. ఈ సంగతి తెలిసినందుకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు బట్టీపట్టిన దారులన్నీ గుర్తొచ్చి మరీ మండింది.

అప్పుడు చిన్నావిడ వాళ్ళని రైలు కట్ట పక్క సన్నటి రోడ్డులోకి తిప్పింది. దూరంగా రైలు వంతెన, దాని కింద సొరంగంలాంటి దారి కనిపించాయి. దారికి ముందు పసుపు బోర్డు మీద మూడు మీటర్లని రాసి ఉంది. తల దించుకోవలసిన పని లేదు కాబట్టి ఆమె ఆ బోర్డుని చూసింది.

“ఆపండి. వంతెన కింద మన బండి పట్టదు.”

“చిన్నావిడ తిన్నగా వెళ్ళమంటోంది,” అన్నాడు అతను.

ఆమె రెండోసారి చెప్పలేదు. చెప్పే అవసరం కూడా రాలేదు. వంతెనకి కాస్త ముందు, ఎత్తైన బండ్లని హెచ్చరించడానికి గొలుసులతో వేలాడదీసిన ఇనపగొట్టం ఏసీకి తగిలి ఖంగుమంది. అతను ఒక్కసారిగా బ్రేకు తొక్కాడు. వెనక వంటింట్లో గిన్నెలన్నీ దొర్లాయి. చిన్నావిడ ఏమీ ఎరగనట్టు, తిన్నగా వెళ్ళండి అంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. వెనక అప్పుడే నాలుగైదు బండ్లు వచ్చి హారన్లు కొడుతున్నాయి. రోడ్డుకి ఒకవైపు రైలు కట్ట గోడ, రెండోవైపు మురుగు కాలవ. అతని మెడ మీద చెమట పట్టింది. గేరు మార్చబోయి మార్చలేక, “దిగు, వెనక నుంచుని చెప్పు,” అన్నాడు.

ఆ మాట కూడా పాతదే. వెనక పొగలో నుంచుని చేతులూపడం, అతను చూసుకోకపోవడం, దేనికో గుద్దడం, సరిగ్గా చెప్పి చావలేదని అనిపించుకోవడం. ఆమె సీటు బెల్టు విప్పింది. తలుపు మీద చెయ్యి వేసి ఆగిపోయింది.

“మీరు దిగండి,” అంది. “వెనక నుంచుని మీరు చెప్పండి. నేను తీస్తాను.”

“ఇది మీ దుకాణం వ్యాన్ కాదు.”

“గాజు సామాను పగలకుండా తీసుకెళ్ళేదాన్ని. దీన్నీ పగలగొట్టను.”

అతను ఇంకేదో అనబోయాడు. ఇంతలో వెనకనుంచి ఒక లారీ డ్రైవరు వచ్చి కిటికీ మీద తట్టి, ఇద్దర్లో ఎవరో ఒకరు తీయండి సార్, మాకు పనులున్నాయి అన్నాడు. అదీ సంగతి. ఆమెని నమ్మి కాదు, లారీ డ్రైవరు ముందు పరువు పోతుందని దిగాడు.

ఆమె స్టీరింగు వెనక్కి జరిగింది. సీటు ముందుకి లాక్కుంది, మూడు అద్దాలూ తన కళ్ళకి సరిచేసుకుంది. లారీ డ్రైవరు వెళ్ళి వెనక బండ్లని ఒక్కొక్కదాన్నీ వెనక్కి పంపించాడు. భర్త రెండు చేతులూ ఊపుతున్నాడు. రమ్మంటున్నాడో ఆగమంటున్నాడో బోధపడటం లేదు. నోటితో చెప్పలేరా అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఎంత తేలికైన పనో, మింగడం. పాతికేళ్ళలో అతనికి ఒక్కసారి కూడా చేతకాలేదు. ఆమె అద్దాల్లో గోడనీ కాలవనీ చూసుకుంటూ, నడక వేగంతో ఇంటిబండిని పెద్ద రోడ్డుదాకా తెచ్చి, పక్కన ఖాళీ జాగాలో నిలిపింది. ఎక్కడా గీత పడలేదు.

అతను ఆయాసపడుతూ వచ్చి డ్రైవరు తలుపు దగ్గర నుంచున్నాడు. “బానే తీశావు,” అని, “ఇక దిగు,” అన్నాడు.

ఆమె అప్పుడు చిన్నావిడ తెర మీద ఎత్తు సరిచేస్తోంది. ఏసీని కూడా కలిపి, మీద బెత్తెడు ఎక్కువే వేసింది. ఎండలో తెర మెరుస్తోంది, చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ చూసుకుంది. దారి మళ్ళీ లెక్కిస్తున్నాను అంది చిన్నావిడ. పాపం దాని తప్పేముంది, ఎవరో ఇచ్చిన కొలతతో నడిచింది.

“దిగను,” అంది ఆమె. గొంతు పెంచలేదు. “ఏడాదంతా ఇలాగే. సగం దూరం నేను నడుపుతాను, సగం పూటలు మీరు వండుతారు. మీకు ఇష్టమైతే రేపే మా యజమానికి చెబుతాను, మానేస్తున్నానని. ఇష్టం లేకపోతే నేను సోమవారం దుకాణానికి వెళ్తాను. మీరూ చిన్నావిడా వెళ్ళి రండి.”

అతను నవ్వులాటేమోనని ఆమె మొహంలోకి చూశాడు. నవ్వు దొరకలేదు. రోడ్డు మీద బండ్లు పోతున్నాయి. చివరికి బండి చుట్టూ తిరిగి వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. అది ఒప్పుకోలో, ఎండకి తాళలేకపోవడమో ఆమెకి తెలీదు. తెలుసుకోవడానికి రేపు ఒకటుంది. అతని చేతులకి పని లేదు. వాటిని మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆమె ఇంజను వేసి, అద్దం చూసుకుని, ఇంటిబండిని రోడ్డెక్కించింది. చిన్నావిడ ఎడమకి తిరగమంది. ఆమె తిరిగింది.

కొంత దూరం పోయాక అతను, ఎడమవైపు జాగ్రత్త అని మొదలుపెట్టాడు.

“దారి అది చెబుతుంది లెండి,” అంది ఆమె, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. “వెనక సంచీలో కమలాపళ్ళున్నాయి. ఒకటి ఒలవండి. గింజలు తీసి ఇవ్వండి.”