ఒకటిన్నర చెంచా రక్తం

వరమ్మ టీచరుకి వచ్చింది క్యాన్సరని బాపట్లలో వాళ్ల వీధంతటికీ తెలుసు. ఆమెకు మాత్రం తెలియదని భర్త రాజారత్నం గట్టి నమ్మకం. రక్తం పల్చబడిందంతేనని చెప్పి రోజూ మాత్రలు మింగించేవాడు. ముప్పయ్యేళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పిన మనిషి దగ్గర కణాల సంగతి దాచాలనుకోవడం ఆయనకే చెల్లింది.

ఫిబ్రవరిలోనే బీరువాలో ఆయన పంచెల కింద రిపోర్టు ఆమెకు దొరికింది. ఒకటిన్నర చెంచా రక్తంలో, కంతి నుంచి ఊడి తిరుగుతున్న క్యాన్సర్ కణాలు ఏడు. అయిదుకి చేరినా, దాటినా మంచిది కాదు. మందు పనిచేస్తే ఆ లెక్క తగ్గాలి. తనకు తెలుసని తెలిస్తే ఈ మనిషి అన్నం మానేస్తాడని ఆమె నోరు మెదపలేదు.

మేలో తెనాలి ల్యాబులో మళ్లీ రక్తం ఇచ్చింది. వారం తర్వాత రాజారత్నం పింఛను పనంటూ ఒక్కడే తెనాలి రైలెక్కాడు. పింఛను పనికి ల్యాబు ఫైలెందుకో ఆమె అడగలేదు. మధ్యాహ్నం దాకా ఓపిక పట్టి, ఆ ల్యాబులోనే పనిచేసే పాత శిష్యురాలు కృపారాణికి ఫోన్ చేసింది.

“నా రిపోర్టు వచ్చిందా కృపా?”

“సార్ చెప్పొద్దన్నారండి టీచర్.”

“రక్తం సార్‌దా, నాదా?”

“మీదేనండి.”

“మరి చెప్పు. ఏడు కంటే తక్కువేనా?”

“తక్కువేనండి.”

“అయిదు కంటే?”

“రెండేనండి టీచర్.”

వరమ్మ వంటింట్లో పీట మీద కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. భయం ఎంత దాచుకుందో అప్పుడుగాని ఆమెకే తెలియలేదు.

సాయంత్రం రాజారత్నం సంచీ నిండా రొయ్యలతో దిగాడు. తెనాలి నుంచి పనిగట్టుకుని రేపల్లె దాకా వెళ్లి తెచ్చాడు.

“ఏంటండీ విశేషం?”

“ఏముంది, చవగ్గా దొరికాయి.”

వేపుడు చేసి, ఆయన కంచంలో లెక్కపెట్టి రెండు రొయ్యలు వడ్డించింది.

“రెండేనా?” అన్నాడాయన.

“ఫిబ్రవరిలో ఏడు. ఇప్పుడు రెండేగా. తినండి.”

రాజారత్నం చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. “నీకెప్పుడు తెలిసింది?”

“మీరు పంచెల కింద దాచిన మర్నాడే.”

మూడు నెలలుగా బిగబట్టుకున్నదంతా ఆయనకు ఒక్కసారిగా పొంగుకొచ్చింది. ఆమె గిన్నె వంచి మిగతా వేపుడంతా ఆయన కంచంలో వేసింది. ఆయన అన్నం మానలేదు. ఏడుస్తూనే అంతా తిన్నాడు.