పటంలో దొన

దేవరకొండ అవతలి గుట్టల్లో గొర్రెలు కాసే కురుమయ్యకు కాగితం పట్టుకొని వచ్చే మనిషంటే పడదు. పక్క గుట్టకు ముందు ఒకడు కాగితంతో వచ్చాడు, వెనకే మిషన్లు వచ్చాయి. ఇప్పుడక్కడ గుట్ట లేదు, గుంత ఉంది.

అందుకే మోటారు సైకిలు దిగిన అమరేందర్ చంకలో కాగితాలు చుట్టిపెట్టే పొడుగాటి గొట్టం చూడగానే కర్ర చెయ్యి మార్చుకున్నాడు.

"ఏడికెళ్లి సారూ?"

"నల్లగొండకెళ్లి అన్నా. పాత పటాలు జమ చేస్త. గీ గుట్ట ఒక పటంల ఉన్నది, చూసిపోదామని వచ్చిన."

"ఉత్తగ చూసిపోతందుకు గింత దూరం ఎవలొస్తరు? జాగా కొంటాన్రా?"

"జాగా లేదు, ఏం లేదు. పిచ్చి అనుకో."

పిచ్చోడికి అంత నున్నటి బూట్లేమిటి, అనుకున్నాడు కురుమయ్య.

అమరేందర్ బండ మీద అట్ట వేసి, దాని మీద పటం పరిచి, గాలికి లేవకుండా రెండు చేతులా అదిమిపట్టాడు. కాగితం పసుపెక్కింది. వాగు వెంట్రుకంత సన్నగా ఉంది. గుట్టలు ఒంటినిండా నూగుతో గొంగళి పురుగుల్లా పడుకున్నాయి.

"రాగి రేకు మీద సూదసొంటి ఉలితోని తిరగేసి చెక్కుతరన్నా. అద్దంల లెక్క కుడి ఎడమైతది. సిరా రుద్ది పైపైన తుడిస్తే గీతల్లనే మిగుల్తది. తడి కాయితం ఏసి ఒత్తితే గిట్ల తేల్తది. గుట్ట ఎంత నిటారుంటే గీతలు గంత దట్టం."

కురుమయ్య వంగి చూశాడు. మేకలు కూడా ఎక్కలేని దక్షిణపు వైపు గీతలు నల్లగా కమ్ముకున్నాయి. గుట్టను ఎరిగినవాడెవడో గీసేవాడికి దగ్గరుండి చెప్పాడు, అనుకున్నాడు. అంతలో పురుగు వీపు మీద చిన్న సున్నా కనబడి అతని చూపు అక్కడే ఆగిపోయింది.

అది దొన. బండ చీలికలో ఎండాకాలం కూడా ఊరే నీటి గుంట. దానికి పలకరాయి మూత, మూత మీద కంప. ఇంటివాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. అది పోతే వేసవిలో మందను అమ్ముకోవడమే.

"గీ సున్న అంటే నీళ్లన్నట్టు. ఉన్నయా ఆడ?"

"నీళ్లా? తొండలు గూడ గుట్ట దిగి తాగుతయి సారూ."

అమరేందర్ ముఖం వాడిపోయింది. "అయితే పటం గీసినోడు చూడకుంటనే ఊహించి పెట్టిండన్నట్టు" అన్నాడు. అయినా పోలేదు, మోదుగు నీడన కూర్చున్నాడు.

ఎండ నడినెత్తికొచ్చింది. అది మంద నీళ్లకు పోయే వేళ. కురుమయ్య దారికి అడ్డంగా నిలబడ్డాడు. గొర్రెలు అరుస్తూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"ఇంక కడుపు నిండలే వీటికి" అన్నాడు, అడగకుండానే. అమరేందర్ ఓరగా చూశాడు.

సద్ది తెచ్చిన భార్య సుక్కమ్మ వైపు కురుమయ్య తల తిప్పాడో లేదో, ముసలి గొర్రె ఒకటి అతని కాళ్ల పక్కనుంచి జారుకుంది. దాని వెంట మందంతా గుట్టెక్కింది. మగవాళ్లిద్దరూ చేరేసరికి గొర్రెలు కంప చుట్టూ మూగి, పలకరాయి అంచున చెమ్మ నాకుతున్నాయి.

రొప్పుతూ వచ్చిన సుక్కమ్మ సద్ది దించి నవ్వింది. "మనిషికైతే అబద్ధం చెప్తివి, గొర్లకేం చెప్తవ్?"

కురుమయ్య కంప లాగి, మూత తీశాడు. గొర్రెలు తాగుతుంటే అమరేందర్ పటాన్నీ నీళ్లనూ మార్చి మార్చి చూసి, "వచ్చే చూసిండు, ఇక్కడికొచ్చే చూసిండు" అని గొణిగాడు. ఫోను తీశాడు. కురుమయ్య కర్ర అడ్డం పెట్టాడు. ఫోను మళ్లీ జేబులోకి పోయింది.

"గా సున్న చెరుపు సారూ."

"చెరిగేది కాదన్నా."

బడిలో పలక మీద బలపం గీత చెరిపినట్టు, కురుమయ్య బొటనవేలు నాలుకకద్దుకొని సున్నా మీద రుద్దాడు. "అయ్యో, అన్నా!" అని అమరేందర్ పటం లాక్కున్నాడు. వేలికి గీత గరుకుగా తగిలింది. కాగితం మాసింది కానీ సున్నా కదల్లేదు.

"గిసొంటియి ఎన్ని చేసిన్రు?"

"ఒక్క రేకుకు వందలు ఒత్తొచ్చు. ఏడేడ ఉన్నయో ఎవలికెరుక? గని ఇన్నేండ్లల్ల వెతుక్కుంట వచ్చింది నేనొక్కన్నే గద. ఫికర్ చెయ్యకు, ఎవలికీ చెప్ప."

"పక్క గుట్టకొచ్చినోడు గూడ గట్లనే అన్నడు."

గొర్రెలు తాగాక అమరేందర్, ఎవరూ పిలవకుండానే, పలకరాయి రెండో కొస పట్టాడు.

బండి చప్పుడు వినబడనంత దూరం పోయేదాకా కురుమయ్య నిలబడే ఉన్నాడు. తర్వాత తుమ్మకంప ఈడుస్తూ దిగి, మట్టిలో బూట్ల గుర్తులన్నీ చెరిపాడు.

"మంచోని లెక్కనే ఉన్నడు గద" అంది సుక్కమ్మ.

"వాని సంగతి కాదే. అప్పట్ల గా పటం గీసినోనికి దొన చూపెట్టినోడెవడు? మనోడే అయ్యుంటడు."

సుక్కమ్మ సద్ది మూత తీసింది.

"గాయిన గూడ గొర్లను ఆపలేకపోయుంటడు. కూసో, తిను."