గోడకు తిరిగిన కెమెరా

నేను షార్జాలో ఒక గోదాములో పనిచేస్తాను. మా ఇల్లు మెట్‌పల్లిలో. కిందటి సెలవుకు వెళ్ళినప్పుడు మా గల్లీలో రెండిళ్ళ బోరు మోటార్లు దొంగలెత్తుకుపోయారు. ఆ భయంతో, వాకిలంతా కనిపించేలా మా దర్వాజ పైన ఒక కెమెరా పెట్టించాను. దుకాణం ఆయన బిగిస్తూ, "అన్నా, దీంట్ల మైకు, స్పీకర్ గూడ ఉన్నయి. నువ్వు ఆడ గూసొని ఈడ మాట్లాడొచ్చు" అన్నాడు.

"మాట్లాడనీకె ఫోన్ ఉన్నది గద" అంది మా ఆవిడ నవనీత. నేను పట్టించుకోలేదు.

షార్జాకు తిరిగి వచ్చాక, మధ్యాహ్నం తిండి వేళ అట్టపెట్టెల మీద కూర్చుని డబ్బా విప్పుకుని, ఫోన్‌లో మా వాకిలి తెరిచేవాణ్ణి. సెలవు రోజుల్లో మా బిడ్డ వందన కెమెరా కింద నిలబడి పద్యం అప్పజెప్పేది. నాతో పాటు గదిలో ఉండే ఆదిలాబాద్ ఓంప్రకాశ్ పక్కనుంచి తొంగిచూసి, "మంచి సీరియలే గని, ఏం జరుగుతలేదు భాయ్" అనేవాడు.

నిజంగానే ఏమీ జరిగేది కాదు. వాకిలి, గేటు, అరుగు, గేటు దగ్గర పడుకున్న కుక్క. ఏమీ జరగనప్పుడు మనిషి ఊరుకోడు. "నవనీతా, గేటు గొళ్ళెం పెట్టలే." "నల్లా కారుతుంది సూడు." ఇంత దూరం నుంచి ఇంటికి చేతనైన సాయం ఇదే అనుకున్నాను. మొదట్లో ఆమె ఉలిక్కిపడేది. తర్వాత తల ఎత్తకుండానే "ఆ" అనేది. ఆ తర్వాత అదీ లేదు. వచ్చి గొళ్ళెం పెట్టి వెళ్ళేది. గుడి మైకుకు, మసీదు మైకుకు అలవాటుపడినట్టే గల్లీ నా గొంతుకూ అలవాటుపడింది.

ఎండలు ముదిరే వేళ, ఉడకబెట్టిన పసుపు కొమ్ములు వాకిట్లో పరిచి ఉన్నాయి. చూస్తుండగానే వాటి మీద నీడ పడింది. "నవనీతా, మబ్బు వట్టింది" అన్నాను. పలకలేదు. ఫోన్ చేశాను. అది ఇంట్లోనే మోగుతోంది. ఆ మోత కెమెరా నుంచి నాకే వినిపిస్తోంది. "చంద్రవ్వత్తా, వానొస్తుంది" అని పక్కింటామెను పిలిచాను. కుక్క మాత్రం తలెత్తి, దర్వాజ పైకి చూసి, మనిషి కనబడక మళ్ళీ పడుకుంది. చినుకులు మొదలయ్యాయి. మా సూపర్‌వైజర్ వచ్చి ఎందుకు అరుస్తున్నావని అడిగాడు. వాన అన్నాను. అతను బయటి ఎండను చూసి, నన్ను చూశాడు.

అంతా తడిసిన తర్వాత నవనీత ఉరుకుతూ వచ్చింది. చేసిన బీడీలు అప్పజెప్పడానికి వెళ్ళిందట. గంప తెచ్చి ఎత్తడం మొదలుపెట్టింది. ఏదో ఒకటి అనకుండా ఉండలేక, "వానచ్చింది" అన్నాను.

"సూస్తనే ఉన్న" అంది.

మర్నాడు చంద్రవ్వత్త కెమెరా కింద నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది. "నిన్న ఒర్రింది నువ్వేనా శ్యామూ? ఏదో దయ్యం గాలి అనుకొని తలుపేసుకున్న." కాసేపు ఆలోచించి మళ్ళీ అంది, "నేను ధర్మపురి పోతున్న బిడ్డా. మీ వాకిట్ల అప్పడాలు ఎండవోసిన. కోతులస్తె జర అదిలియ్యి."

కాదనలేకపోయాను. ఇక్కడ గోదాములో సామాను దించుతూ, అక్కడ అప్పడాలకు కాపలా కాశాను. కోతులు రానే వచ్చాయి. "హుష్, పొండ్రి" అని అరిచాను. మిగతావి గేటు దాకా పారిపోయాయి గానీ పెద్దకోతి ఒకటి నిలబడి విన్నది. ఇంకోసారి అరిచాను. ఇది గొంతే తప్ప చేతులు లేవని దానికి తెలిసిపోయింది. ఒక అప్పడం నోట కరుచుకుని, దర్వాజ పక్క స్తంభం ఎక్కి కెమెరా దగ్గరికి వచ్చింది. ఫోన్ నిండా దాని పళ్ళు కనిపించాయి. తర్వాత ఇల్లు, ఆకాశం, వాకిలి గిర్రున తిరిగి గోడ దగ్గర ఆగాయి. చంద్రవ్వత్త ఇంటి పక్కగోడ, సిమెంటు పూయని ఇటుకలు. ఫోన్‌తో తిప్పగలిగే రకం కెమెరా కాదది.

చెప్పి సరిచేయించాలి అనుకుంటూనే పనిలో పడ్డాను. మర్నాడు తిండి వేళ తెరిస్తే గోడే ఉంది. కానీ మాటలు వినిపించాయి. చాటల చప్పుడు, తునికాకు కత్తిరిస్తున్న కత్తెర చప్పుడు. కెమెరా రాకముందు ఆడవాళ్ళంతా మా అరుగు మీదే కూర్చుని బీడీలు చేసేవారు. తర్వాత ఇంటి వెనక్కు మారారు. ఎందుకని అడిగితే, "ఎనుక నీడ ఉంటది" అంది నవనీత. నేను నమ్మాను.

"ఎన్ని దినాలాయె గీడ గూసొని" అంటోంది చంద్రవ్వత్త.

"ఆ కోతికి కొబ్బరికాయ కొట్టాలె అత్తా" అంది నవనీత.

అందరూ నవ్వారు. నవనీత అందరికంటే ఎక్కువసేపు నవ్వింది. ఊపిరందక మధ్యలో ఆగి, మళ్ళీ మొదలుపెట్టి నవ్వుతుంది ఆమె. ఆ సంగతే మరిచిపోయాను. ముక్కుతో మాట్లాడుతున్నట్టు గొంతు మార్చి, "నవనీతా, గేటు గొళ్ళెం పెట్టలే" అంది. అచ్చం నేనే. నాకూ నవ్వొచ్చింది. వాళ్ళకు వినబడుతుందని నోరు మూసుకున్నాను. మైకు నొక్కితే తప్ప నా నవ్వు అక్కడికి పోదని తర్వాత గుర్తొచ్చింది. చేతిలో ముద్ద ఎండిపోయింది.

మరుసటి రోజూ విన్నాను, ఆ పైరోజూ విన్నాను. కూరగాయల ధరలు, ఎవరింటి కోడలో అలిగిన సంగతి, వందనకు లెక్కలు రాకపోవడం. ఫోన్‌లో నాతో "అంత మంచిగనే ఉన్నం" అని ఒక్క మాటలో తేల్చేసేదంతా అక్కడ విడివిడిగా వినబడేది.

"చెప్పకు భాయ్. గోడ సూసుకుంట ఇను" అన్నాడు ఓంప్రకాశ్.

నాకు అలా చేతకాలేదు. నా ఇంటి తలుపు చాటునే దొంగలా నిలబడ్డట్టుంది. శుక్రవారం ఫోన్ చేసి, కెమెరా గోడకు తిరిగిందని చెప్పాను.

"అందుతలేదు. నిచ్చెన లేదు" అంది.

నిచ్చెన పెరట్లోనే ఉంటుంది. నేను ఆ ఊసెత్తలేదు. "మాటలు ఇనవడుతున్నయి నవనీతా" అన్నాను.

"నేను నీ లెక్క మాట్లాడింది గూడ ఇన్నవా?"

"అది మంచిగ మాట్లాడినవు."

ఆమె నవ్వలేదు.

"తీసేపియ్యి" అన్నాను. "మోటార్ పోతె పోతది. నీకు ఇష్టం లేకుంటె తీసేద్దాం."

"పెట్టేటప్పుడు అడగలె. గిప్పుడెందుకు అడుగుతున్నవు?" అంది. కోపం లేదు గొంతులో. ఉంటే బాగుండేది. "నువ్వు ఆడ ఒక్కనివి. బువ్వ తినుకుంట ఏదో ఇంత సూసుకుంటవు. ఉండనియ్యి."

వద్దని మళ్ళీ చెప్పబోయాను. వందనకు జడ వెయ్యాలని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు తిండి వేళకు గోడ కదిలింది. ఇటుకలు పక్కకు జరిగి నవనీత మొహం వచ్చింది. నిచ్చెన మీద ఉంది. అంత దగ్గరగా ఆమెను చూసి చాలా కాలమైంది. చెవి పక్కన రెండు మూడు వెంట్రుకలు తెల్లబడ్డాయి. చూపు నా వైపు లేదు, బిగించే మర వైపు ఉంది. పెదవి కొరుక్కుంటూ బిగించి, కొంగుతో అద్దం తుడిచింది. ఒక క్షణం అంతా మసకై, తర్వాత తేటగా అయింది.

"కనవడుతుందా?" అంది.

మైకు నొక్కాను. చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. "కనవడుతుంది" అన్నాను.

ఆమె మెల్లగా దిగింది. అరుగు మీది చాటలు, కత్తెరలు ఒక్కొక్కటే ఎత్తి చంద్రవ్వత్తకు అందించింది. నిచ్చెన భుజాన వేసుకుని, ఇంటి పక్కనుంచి వెనక్కి వెళ్ళిపోయింది.