తడిసిన కామెంటు

పొద్దున్నే ఆఫీసుకొచ్చి, బల్ల తుడుచుకుని, పాత ఫైళ్లు ఒక్కొక్కటే తెరవడం ఆమె పని. మనుషులు రాసిన ప్రోగ్రాములను యంత్రాలకు అర్థమయ్యేలా మార్చే కంపైలర్ తయారవుతుందక్కడ. దాని కోడులో ముఖ్యమైన ప్రతి లైను మీదా, అదెందుకుందో చెప్పే కామెంటు ఉంటుంది. యంత్రం దాన్ని పట్టించుకోదు. తర్వాత వచ్చే మనిషి కోసం అది. వాటిని చక్కదిద్దుతుంది కాబట్టి ఆమెను అందరూ కామెంటమ్మ అనేవాళ్లు.

కింది లైనును ఎవరైనా తీసేస్తే, దిక్కులేనిదైన కామెంటు కంటతడి పెట్టేది. నీళ్లు తెర మీంచి జారి కీబోర్డు మీద పడేవి. కామెంటమ్మ గుడ్డతో తుడిచి, కామెంటును సరిచేసేది, లేదా తీసేసేది. పుట్టినప్పటి నుంచీ కింద లైను లేని కామెంట్లు మాత్రం పొడిగానే ఉండేవి. పోగొట్టుకోవడానికి వాటికేముంది గనక!

ఆ రోజు మేనేజరు ఒక పాత ఫైలు అప్పగించి, పనికొచ్చేది ఏమైనా ఉంటే ఉంచి తక్కినది తీసేయమన్నాడు. అది ఆమె బావ, అంటే అక్క భర్త, రాసిన ఫైలు. ఎనిమిదేళ్ల కిందట ఆ కంపైలర్ మార్చిన ప్రోగ్రాముతో నడిచే, ఆసుపత్రిలో ఊపిరి అందించే యంత్రం ఈ ఫైలు మూలంగానే ఆగి, ఒక పెద్దావిడ ప్రాణం పోయింది. ‘సున్నా వస్తే ఆగిపోకుండా ఈ తనిఖీ’ అని కామెంటుంది, దాని కింద తనిఖీ లేదు. కాగితం మీద అచ్చు తీసి చూసి, రాయడం మరిచిపోయాడన్నారు అంతా. బావ కూడా అదే నమ్మి ఉద్యోగం వదిలేశాడు. ఫైలును మళ్లీ తెరవకుండా మూలన పడేసి కొత్తది రాయించారు. అప్పట్నుంచి ఆయనకు తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది. వేసిన తలుపు పదిసార్లు చూసుకునేవాడు. పాపకు మందు కూడా అక్క చేతే పోయించేవాడు.

కామెంటమ్మ ఫైలు తెరిచింది. ఆ కామెంటు దగ్గరికి రాగానే నీళ్లు ధారకట్టి, బల్ల మీంచి ఆమె ఒళ్లోకి కారాయి. తుడవలేదు. వెళ్లి మేనేజరును పిలుచుకొచ్చింది.

ఆయన వంగి తెర మీది నీళ్లు చూశాడు. ఆ నీళ్ల అర్థం ఎవరికీ చెప్పాల్సిన పని లేదు.

“ఆవిడ పోవడానికి ముందు వారం ఇందులో పనికిరాని లైన్లు ఏరేసింది నేనే,” అన్నాడు. “ఇది కూడా పనికిరానిదే అనుకున్నానేమో. గుర్తు లేదమ్మా. గుర్తు చేసుకోవాలనీ అనుకోలేదు.”

బావకు తను చెప్పనా అని అడిగింది. వద్దు, తనే చెప్పాలన్నాడు.

సాయంత్రం ఇద్దరూ అక్క వాళ్లింటికి వెళ్లారు. కూర్చోమన్నా మేనేజరు కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ మాత్రం తన అరచేతుల వంక చూసుకుంటూ ఉండిపోయాడు.

“అయితే నేను రాశాను,” అన్నాడు మెల్లిగా.

“రాశారు బావా,” అంది కామెంటమ్మ.

క్షమించమని అడగబోతున్న మేనేజరును ఆయన చెయ్యెత్తి ఆపాడు. లేచి చొక్కా మార్చుకొచ్చాడు.

“ఆ పెద్దావిడకు కూతురుంది. ఏం జరిగిందో ఆవిడకు ఇంతవరకు ఎవరూ నిజం చెప్పలేదు,” అన్నాడు. “పదండి. మీరొక్కరే వెళ్లలేరు. నేనూ వస్తాను.”