మా చెరువుకి అలుగు పారింది

మా ఇంట్లో అందరికీ ఒకటే జబ్బు. ఇంకొకరికి మేలు చేస్తారు, ఆ సంగతి మాత్రం కడుపులో దాచుకుంటారు. అడిగినా నోరు విప్పరు. ఆ జబ్బే ఓసారి మా కొంప ముంచబోయింది.

ఇంటి వెనక పల్లంలో మాకో చెరువుంది. పెద్దదేం కాదు. నాన్న మట్టికట్ట పోయించి వాననీళ్ళు నిలబెట్టాడు, అదీ మా చెల్లి కోసం. చిన్నప్పుడు బస్సు కింద పడి దాని కాలు నుజ్జయింది. నేల మీద కుంటుతుంది గానీ నీళ్ళలో దిగిందంటే దాన్ని అందుకునేవాళ్ళు లేరు. చుట్టుపక్కల పిల్లలకి అక్కడే ఈత నేర్పుతుంది. అదే దాని బతుకుతెరువు, దాని ప్రాణం కూడా అదే.

కిందటి ఎండాకాలం ఒకరోజు అన్నం తింటూ, నీళ్ళు తగ్గిపోయాయి, పిల్లల కాళ్ళు బురదలో దిగబడుతున్నాయి అంది. అందరం విన్నాం. ఎవరం ఏమీ అనలేదు. ఆ తర్వాత వానలు మొదలయ్యాక చెరువు ఎప్పుడూ లేనంత నిండింది. చెల్లి మురిసిపోయింది. మేమంతా ఎవరికి వాళ్ళం లోలోపల ముసిముసిగా నవ్వుకున్నాం.

వాన తెరిపిచ్చిన రోజు చూసుకుని నీటిపారుదల ఆఫీసు నుంచి ఇంజనీరమ్మ దిగింది. కట్ట అడుగున నేల తడిగా ఉంటోందని ఫిర్యాదు అందిందట. ఇచ్చింది ఎవరో కాదు, కట్టకి అవతల కింద ఇల్లు కట్టుకుని పూలమొక్కల నర్సరీ నడిపే ఆవిడ. నాకు ఒళ్ళు మండింది. రోజూ పలకరించే మనిషి, ఆ ముక్కేదో మాతోనే అంటే ఆవిడ సొమ్మేం పోయింది?

ఇంజనీరమ్మ కట్టంతా నడిచి, చివరికి అలుగు దగ్గర ఆగింది. చెరువు నిండితే మిగులు నీళ్ళు పక్కకి పోవడానికి వదిలిన దారి అది. చూడబోతే దారే లేదు. ఆవిడ తీయించడం మొదలుపెట్టింది. ముందు ఆకులు పట్టిన ఇనుప వల వచ్చింది. చేపలు పోకుండా నేనే కట్టానని అమ్మ గొణిగింది. దాని వెనక మడత పెట్టి కుక్కిన నీలం టార్పాలిన్ నాది. దాని వెనక ఇసుక బస్తాలు. మా ఆయన ఆకాశం వైపు చూడసాగాడు. అన్నిటికీ అడుగున చెక్కలు, శ్రద్ధగా మేకులు కొట్టి మరీ. నాన్న దగ్గాడు.

చెల్లి కోసం నీళ్ళు పెరగాలని నలుగురం నాలుగు రకాలుగా, ఒకరికి తెలియకుండా ఒకరం, ఉన్న ఒక్క దారీ మూసేశాం. కొంచెమే కదా అని ఎవరికి వాళ్ళం అనుకున్నాం.

ఇంజనీరమ్మ నవ్వలేదు. "నీళ్ళు ఒక్కసారి కట్ట మీంచి పొర్లితే మట్టి కోసుకుపోతుంది. అప్పుడు చెరువు చెరువంతా ఆ ఇంటి మీద పడుతుంది," అని నర్సరీ వైపు చూపించింది. "పెద్ద వాన వచ్చేలోపు బాగుచేస్తారా, నన్నే కట్ట కొట్టించేయమంటారా?"

చెల్లి మొహం పాలిపోయింది. అయినా తనే జవాబు చెప్పింది. "బాగుచేస్తాం మేడం. ఈసారి అందరూ ఒకరికొకరు చెప్పుకుని చేస్తారు."

అలుగు తెరిస్తే నీళ్ళు దిగాయి. ఆవిడ చెప్పినట్టే తడి ఊరేచోట ఇసుక పరిచి, దాని మీద కంకర పోశాం. ఊట బయటికి రావచ్చు, కట్ట మట్టి మాత్రం రాకూడదట. ఎలుకల బొరియల్లో బంకమట్టి కూరి దిమ్మిస కొట్టాం. మంచినీళ్ళు తాగబోతున్నా సరే మా ఆయన అందరికీ వినపడేలా ప్రకటించేవాడు.

చెల్లి నన్ను లాక్కుని నర్సరీ ఆవిడ దగ్గరికి వెళ్ళింది. మేం చేసిన ఘనకార్యమంతా దాచకుండా చెప్పింది. ఆవిడ చేతిలో మొక్క కింద పెట్టింది.

"వాన పడితే నేను చెప్పులు వేసుకునే పడుకుంటానమ్మా," అంది. "మీ నాన్నగారు అంత ముచ్చటపడి కట్టుకున్నారు. మొహం మీద ఎలా అనను?"

నా కోపం ఎటు పోయిందో నాకే తెలియదు. సిగ్గేసింది.

పని పూర్తయిన మర్నాడు మధ్యాహ్నం వాన అందుకుంది. కుండపోత. ఇంజనీరమ్మ రెయిన్‌కోటులో వచ్చి కట్ట మీద నిలబడింది. నీళ్ళు పైకి పాకుతుంటే అమ్మ నా చెయ్యి నలిపేస్తోంది. ఇంతలో అలుగు పారింది. మా చెరువు అంత గొంతు చేసుకోవడం మేం ఎన్నడూ వినలేదు. వాన ఎంత దంచినా నీళ్ళు కట్ట అంచు దాకా రాలేదు. మిగిలిందంతా నర్సరీకి దూరంగా వాగులోకి పోయింది.

కట్ట అడుగున ఊటని చెల్లి గాజుగ్లాసులో పట్టి ఇంజనీరమ్మకి ఇచ్చింది. ఊటలో మట్టి కలిసి వస్తే కట్ట లోపల కరుగుతున్నట్టే. ఆవిడ గ్లాసు వెలుగుకి ఎత్తి తిప్పి చూసింది. నీళ్ళు తేటగా ఉన్నాయి.

"కట్ట గట్టిగా ఉంది. చెరువు ఉంచుకోండి," అంది.

నాన్న పెట్టిన కేక వాగు దాటి వినపడి ఉంటుంది. మా ఆయన బురదలో గంతులేసి జారిపడ్డాడు, లేచి మళ్ళీ వేశాడు. నేను ఏడ్చాను, దాచుకోవడం దేనికి? చెల్లి మాత్రం తడిసిన కట్ట మీద కూర్చుని, పసిపిల్లని నిమిరినట్టు దాన్ని నిమిరింది.

ఎండ కాశాక ఈత పాఠాలు మళ్ళీ మొదలయ్యాయి. ఒక పొద్దున పిల్లల వరస చివర నర్సరీ ఆవిడ వచ్చి నిలబడింది. ఎవరో పిల్లని చేర్పించడానికి తెచ్చిందేమో అనుకున్నాను. ఒక్కతే వచ్చింది.

"ఇన్నేళ్ళు దీని కింద భయపడుతూ బతికాను," అంది చెల్లితో. "ఒక్కసారి దీని మీద తేలి చూడాలనుంది. నాకు నేర్పుతావా?"

చెల్లి చెయ్యి అందించింది. ఆవిడ కళ్ళు మూసుకుని దిగింది. మొదట చెల్లి మెడ పట్టుకుని వదల్లేదు. తర్వాత ఒక చెయ్యి వదిలింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి వెల్లకిలా పడుకుని, ఎవరి ఆసరా లేకుండా తేలింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనైతే రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేశాను.