బొంత బయట కూర్చోదు

మా ఇంటికి కుక్కపిల్ల వచ్చి ఇరవై రెండు రోజులయింది. ఈ ఇరవై రెండు రోజుల్లో అది ఒక్కసారంటే ఒక్కసారి కూడా బయట ఒంటికి వెళ్ళలేదు. వీధి దాటి ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలోకి తీసుకెళ్తే గంటసేపైనా తిరుగుతుంది. గడ్డి వాసన చూస్తుంది, చీమల వెంట పడుతుంది, తన తోక తానే పట్టుకోబోయి బోర్లాపడుతుంది. ఆ పని మాత్రం చెయ్యదు. రెండంతస్తులు ఎక్కి, తాళం తీసి, గడప దాటామో లేదో, అప్పటిదాకా ఎక్కడ దాచుకుంటుందో ఏమో, కుట్టుమిషను పక్కన మడుగు కడుతుంది.

దాని పేరు బొంత. తెలుపు మీద నలుపూ గోధుమరంగూ అతుకులు వేసినట్టు ఉంటుంది. మిగిలిన గుడ్డముక్కలన్నీ కలిపి కుట్టినట్టుందని మా అమ్మాయి ఆ పేరు పెట్టింది. అది అయిదో తరగతి చదువుతోంది. నేను ఇంట్లోనే బట్టలు సరిచేస్తాను. ప్యాంటు కాళ్ళు మడిచి కుట్టడం, జిప్పులు మార్చడం, లావెక్కినవాళ్ళకి వదులు చెయ్యడం, చిక్కినవాళ్ళకి బిగించడం. మా ఆయన బస్సు డ్రైవరు, వారానికొకసారి ఇంటికొస్తారు. డిపో షెడ్డులో పుట్టిన పిల్లల్లో ఒకదాన్ని చొక్కాలో దూర్చి తెచ్చారు. దాని తోబుట్టువుల్లో రెండు, బస్సు వెనక్కి తీస్తుంటే చక్రం కింద పడి పోయాయట. ఆ మాట ఎందుకు చెప్పారో గానీ, అప్పట్నుంచీ నాకు అన్నం సహించడం లేదు.

బుధవారం నాడు మేం అద్దెకుండే ఇంటావిడ పైకొచ్చింది. ఆవిడ పడకగది సరిగ్గా మా నేల కిందే. మెట్లెక్కి ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీల్చింది.

"అమ్మాయ్, మా కప్పు మీద మరక పడింది. పొద్దున లేవగానే నా కళ్ళు దాని మీదే పడుతున్నాయి. మొన్న అరచేయంత ఉంది, ఇవాళ పళ్ళెమంతైంది."

"తుడుస్తూనే ఉన్నాను పిన్నిగారూ."

"నువ్వు పైన తుడిస్తే కింద ఆరుతుందా? చూడు, నేను మంచిదాన్నే, నా ముక్కు మంచిది కాదు. ఆదివారం పొద్దున వస్తాను. అప్పటికి ఇది వీధిలోకెళ్ళడం నేర్చుకుందా, సరే. లేదా, ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడికే."

అంటే డిపోకి. వెనక్కి వచ్చే బస్సుల మధ్యకి. మా అమ్మాయి బొంతని ఎత్తుకుని నా వెనక నక్కింది. అమ్మాయి ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంచెం నయంగా ఉండేది.

నాలుగు రోజులే ఉన్నాయి. ఎవరు ఏది చెబితే అది చేశాను. జిప్పు మార్పించుకోవడానికి వచ్చినావిడ, బొంత మడుగు తుడిచిన గుడ్డే తీసుకెళ్ళి గడ్డిలో వెయ్యమంది. వేశాను. బొంత ఆ గుడ్డ చుట్టూ మూడుసార్లు తిరిగింది. వెనక కాళ్ళు వంచింది. సరిగ్గా అప్పుడే పాలవ్యాను మలుపు తిరిగింది. "అమ్మో!" అని గొలుసు లాగి పిల్లని ఒళ్ళోకి తీసుకున్నాను. వ్యాను వీధి చివర్నుంచే అటు వెళ్ళిపోయింది. ఏం చేస్తాం, గ్రహచారం.

గురువారం పొద్దున మళ్ళీ వంగింది. పొదలోంచి ఏదో కదిలింది. పాము కాకపోవచ్చు, కానీ పామైతే? లాగేశాను. సాయంత్రం వంగబోయిన చోట గాజుపెంకు మెరిసింది. అదృష్టం బాగుండి చూశాను. లేకపోతే లేత పాదం చీరుకుపోయేది. తర్వాత చూస్తే అది చాక్లెట్ కాగితం.

రాత్రి మా ఆయన ఫోన్ చేస్తే అంతా చెప్పాను.

"లోపల ఏదో అడ్డం పడుంటుందండీ. రాళ్ళేమో. బిగబట్టీ బిగబట్టీ ఏ క్షణాన పగిలిపోతుందో."

"ఇంట్లోకి రాగానే పోస్తోంది అంటున్నావుగా. రాళ్ళకి మన అడ్రసు తెలుసా ఏమిటి?"

"మీకన్నీ వేళాకోళాలే."

"ఏమోయ్, నువ్వు కలలోకి వెళ్ళేటప్పుడు కూడా గొడుగు పట్టుకెళ్ళే రకం. డాక్టరుకి చూపించు, నీకూ నిద్ర పడుతుంది."

శుక్రవారం అమ్మాయి బడి నుంచి రాగానే ఇద్దరం బొంతని సంచిలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ నాకంటే చిన్నది. చేతులు కడుక్కుని, బొంత పొట్ట నొక్కి చూసింది, తోక ఎత్తి చూసింది, దాని చెవిలో ఏదో చెప్పింది.

"రాళ్ళూ లేవు, రప్పలూ లేవమ్మా. రాయిలా ఉంది పిల్ల."

"మరి బయటెందుకు వెళ్ళదు?"

ఆవిడ "వెనక గడ్డి ఉంది. రోజూ ఎలా తీసుకెళ్తారో అలాగే తీసుకెళ్ళండి, నేను గుమ్మంలోంచి చూస్తాను" అంది.

తీసుకెళ్ళాను. బొంత వాసన చూసింది, ఒక చోటు నచ్చింది, వంగింది. ఆసుపత్రి గేటు ధన్‌మని కొట్టుకుంది. నేను అదిరిపడి గొలుసు గుంజాను. రెండోసారి వంగింది. తేనెటీగ ఒకటి దాని ముక్కు దగ్గరకొచ్చింది. "ఓయ్ ఓయ్ ఓయ్!" అని మళ్ళీ లాగాను. మూడోసారి బొంత వంగనే లేదు. కూర్చుని నా మొహంలోకి చూసింది.

"అమ్మా," అంది డాక్టరమ్మ దగ్గరికొచ్చి, "దానికి బయటంటే భయం లేదు. మీకుంది. వంగినప్పుడల్లా మెడ గుంజుకుంటోంది, నెత్తిన కేక పడుతోంది. ఆరుబయట కూర్చుంటే ఏదో ఘోరం జరుగుతుందని నేర్చుకుంది పాపం. ఇంట్లో పోసినప్పుడు అరుస్తారా?"

అరవను. అరిస్తే కిందావిడకి వినపడుతుంది. చప్పుడు కాకుండా గుడ్డ తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, చప్పుడు కాకుండా తుడుస్తాను. బొంత పక్కన కూర్చుని ప్రశాంతంగా చూస్తూ ఉంటుంది.

అంత చదువుకున్న మనిషి మాట కాదనలేను. అయినా లోపల ఉక్రోషం వచ్చింది. ఇన్ని రోజులూ దాన్ని కంటికి రెప్పలా కాచుకున్నది నేను. నావల్లేనట!

తిరిగొచ్చేటప్పుడు బస్సు స్టాపు బెంచీ మీద కూర్చున్నాం. సంచిలోంచి బొంత తల బయట పెట్టి జనాన్ని చూస్తోంది. అమ్మాయి దాని తల నిమురుతూ, నా వైపు చూడకుండా అంది.

"నేను కూడా బళ్ళో వెళ్ళనమ్మా."

"ఎక్కడికి?"

"ఒంటికి."

"వెళ్ళకపోవడమేమిటి? ఎప్పుడు?"

"ఎప్పుడూ. ఒకటో క్లాసులో నువ్వే చెప్పావుగా. ఆ తలుపుల గడియ పాతదీ, బిగుసుకుపోతే లోపలే ఉండిపోతావూ, అందరూ ఇళ్ళకెళ్ళిపోతే ఎవరికీ వినపడదూ అని."

చెప్పాను. నాకు గుర్తుంది. బడి చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ గడియ నా చేతిలో ఒకసారి బిగుసుకుంది. జాగ్రత్త కోసం ఒక్క మాట అన్నాను. ఆ ఒక్క మాటని అయిదేళ్ళు మోసింది నా కూతురు. రోజూ నీళ్ళసీసా నిండుగా తిరిగొస్తుంటే, బళ్ళో నీళ్ళు బాగుంటాయి కాబోలు అనుకున్నాను. సాయంత్రం మెట్లు రెండేసి ఎక్కి, సంచి విసిరేసి లోపలికి పరిగెత్తేది. నా మీద బెంగ అనుకున్నాను. ఎంత మురిసిపోయేదాన్నో!

"అయిదేళ్ళా? మూత్రపిండాలేమైపోతాయే! రేపే, కాదు, ఇప్పుడే పద, ఇక్కడ పెద్దాసుపత్రి..."

"చూశావా? ఇందుకే చెప్పలేదు."

ఎంత నెమ్మదిగా అందంటే, లేచినదాన్ని మళ్ళీ కూర్చున్నాను. బస్సు వచ్చింది. మేం ఎక్కలేదు. తర్వాతది ఎక్కాం.

శనివారం పొద్దున నోట్లో చేతిగుడ్డ కుక్కుకుని బయల్దేరాను. నిజంగానే. పళ్ళ మధ్య బిగించి పట్టుకున్నాను. ఎదురింటాయన పంటినొప్పా అని అడిగితే తలూపాను. బొంత వంగింది. సైకిలు గంట మోగింది. నోరు లేవలేదు, చెయ్యి లేచింది. నేను చెప్పకుండానే లాగేసింది. సాయంత్రం గొలుసు నడుముకి కట్టుకుని, రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను. ఈసారి నడుము తిరిగింది. ఇంటికొచ్చాక బొంత మిషను పక్కకెళ్ళి, మడుగు కట్టి, నా మొహం చూసింది. కింద ఇంటావిడ గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినపడుతోంది. నేను చప్పుడు కాకుండా తుడిచాను.

"రేపు నేను తీసుకెళ్తాను" అంది అమ్మాయి.

"ఇద్దరం వెళ్దాం."

"నేనొక్కదాన్నే."

"వీధెవరు దాటిస్తారు?"

"నేనే. పదేళ్ళొచ్చాయి నాకు. నువ్వు కిటికీ దగ్గర కూడా నిలబడకూడదు. అది పైకి చూస్తుంది. నేను కూడా చూస్తాను" అంది.

వద్దనడానికి నా దగ్గర వంద కారణాలున్నాయి. వందా నోటి చివరిదాకా వచ్చాయి. కానీ బొంత వెనక్కి వెళితే, ఆ వెళ్ళడానికి కారణం ఇంటావిడ కాదు, నేను. ఆ సంగతి నా కూతురికి తెలుసు. ఇక ముందు ఏ భయమొచ్చినా, ఏ నొప్పి వచ్చినా నాకు చెప్పదు. అది తల్చుకుంటే చక్రాలకంటే పాముకంటే ఎక్కువ వణుకు పుట్టింది.

ఆదివారం ఏడింటికి గొలుసు తీసి అమ్మాయి చేతికిచ్చాను. ఇవ్వడమంటే, అది రెండుసార్లు లాక్కుంటే గానీ నా వేళ్ళు వదల్లేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు, గోళ్ళ చప్పుడు దిగిపోయాయి. నేను మిషను ముందు కూర్చున్నాను. వినపడకుండా ఉంటుందని గట్టిగా తొక్కాను. తొక్కితే ఏమీ వినపడటం లేదని భయమేసి ఆపాను. బ్రేకు వేసిన చప్పుడు. ఆపైన ఏమీ లేదు. ఎవరో అరిచారు. కాదు, కూరగాయల బండి. మళ్ళీ తొక్కాను. చూసుకుంటే ప్యాంటు కాలు అడుగున ఈ చివర నుంచి ఆ చివరకి మూసేసి కుట్టేశాను. పాదం బయటికి రావాలంటే దేవుడే దిగిరావాలి.

అరగంట గడిచింది. తలుపు తట్టిన చప్పుడైతే ఎగిరి వెళ్ళాను. ఇంటావిడ.

"ఎనిమిదింటికి వద్దామనుకున్నాను, నిద్ర పట్టలేదు. కుక్కేది?"

"బయటికెళ్ళింది పిన్నిగారూ."

"ఎవరితో?"

"పాపతో."

"నువ్వు లేకుండానా?" ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "జ్వరమేమైనా వచ్చిందా నీకు?"

ఆవిడ కిటికీ దగ్గరకెళ్ళింది. నేను గోడకి ఆనుకుని, కిటికీకి వీపు పెట్టి నిలబడ్డాను.

"కనపడుతున్నారా?"

"ఆ. గడ్డిలో ఉన్నారు. మీ పాప ఊరికే నిలబడి ఆకాశం చూస్తోంది. కుక్క ఏదో వెతుక్కుంటోంది... తిరుగుతోంది... అదిగో, కూర్చుంది."

"అయ్యో, పడిపోయిందా? దెబ్బ తగిలిందా?"

"పాప కాదే, కుక్క!"

అదే క్షణంలో వీధిలో మోటారుసైకిలు ఒకటి పెద్ద మోతతో దూసుకెళ్ళింది. నా నోరు తెరుచుకుంది. ఇంటావిడ వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది. "ఉష్! లేస్తుంది!" అంది గుసగుసగా. తను కూడా ఊపిరి బిగబట్టింది. రెండంతస్తుల పైనుంచి మా ఇద్దరి ఊపిరి దానికేం వినపడుతుంది? అయినా ఇద్దరం కదల్లేదు.

"పోస్తోంది" అంది ఆవిడ. "ఇంకా పోస్తోంది. ఓరి దీని పొట్ట బద్దలవ్వా, చెరువు మింగిందా ఏమిటి! ఇంకా..."

నేను అక్కడే నేల మీద కూర్చున్నాను. నవ్వొస్తోందో ఏడుపొస్తోందో తెలియలేదు.

"ఒక్కసారికే సంబరపడకు" అంది ఇంటావిడ కిటికీ వదిలి. "ఇంకో వారం చూస్తాను. మరక పెరక్కపోతే ఉండనీ." గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "రేపు కూడా పాపనే పంపు. నువ్వెళ్ళకు."

వాళ్ళిద్దరూ పైకొచ్చారు. బొంత నా ఒళ్ళోకి ఎక్కింది. దాని పాదాలు తిప్పి చూడాలనీ, అమ్మాయి మోకాళ్ళు తడమాలనీ చేతులు పీకాయి. అమ్మాయి గ్లాసులో నీళ్ళు నింపుకుని, నా ఎదురుగా నిలబడి, గడగడా తాగింది. ఇంకో గ్లాసు నింపుకుంది.

"రేపు బళ్ళో..." అని మొదలుపెట్టాను.

"ఊఁ?"

గడియ వెయ్యొద్దు, స్నేహితురాల్ని తలుపు దగ్గర నిలబెట్టు, టీచరుకి చెప్పి వెళ్ళు, కాదు, నేనే వచ్చి బయట ఉంటాను. అన్నీ వరసలో నిలబడ్డాయి. అది గ్లాసు పట్టుకుని నా మొహంలోకే చూస్తోంది.

"వెళ్ళు" అన్నాను.

ఇంకేమైనా అంటానేమోనని కాసేపు ఆగింది. నేను అనలేదు. గ్లాసు ఖాళీ చేసి, బొంత గిన్నెలో నీళ్ళు పోసింది.